వైపర్ వేస్తే పాట ఆగిపోతోంది: ఒక లారీ స్టీరియో, రెండు రిపేర్లు

"ఒరేయ్ అబ్బాయ్, నువ్వేదో ఫోన్లకీ వాటికీ రివ్యూలు రాస్తావంట కదా. నా లారీలో స్టీరియో వానొస్తే ఆగిపోతందిరా. అదేంటో కాస్త చూడు."

పోయిన వర్షాకాలం మొదట్లో మా బాబాయ్ చేసిన ఫోన్ ఇది. ఆయనది ఆరు చక్రాల లారీ, 2012 మోడల్. అంబాజీపేటలో కొబ్బరికాయల లోడు ఎత్తుకుని ఎక్కడికి కిరాయి కుదిరితే అక్కడికి వెళ్తారు. రాత్రి డ్రైవింగే ఎక్కువ. నిద్ర రాకుండా ఉండటానికి టీ కంటే పాటల మీదే ఆయనకు నమ్మకం. కాబట్టి స్టీరియో ఆగిపోవడం అంటే ఆయన లెక్కలో చిన్న విషయం కాదు.

మన సైట్‌లో కార్ స్టీరియోల గురించి అప్పుడప్పుడు రాస్తూనే ఉంటాం. స్క్రీన్ ఎంత, ర్యామ్ ఎంత, బ్లూటూత్ ఏ వెర్షన్, ఇవే మన ప్రశ్నలు. ఆ డబ్బాకి కరెంట్ ఎలా వస్తోంది అన్నది ఒక్క రివ్యూలో కూడా నేను రాయలేదు. రాయాల్సిన అవసరం ఎందుకు వచ్చిందో ఈ కథలో ఉంది. ముందే చెప్పేస్తున్నా, ఇందులో నేను ఒకసారి తప్పు రిపేర్ చేసి, సక్సెస్ అయ్యానని సంబరపడ్డాను కూడా.

అప్పటికే ఏం జరిగిందంటే

వానొస్తే ఆగుతోంది కాబట్టి నీళ్లు లోపలికి వెళ్తున్నాయని అందరూ అనుకున్నారు. అనుకోరా మరి! ముందు అద్దం చుట్టూ రబ్బరు బీడింగ్ మార్చారు. పోలేదు. తర్వాత యాంటెన్నా వైరు మీద నుంచి నీళ్లు జారుతున్నాయని దాన్ని పీకి సిలికాన్ పెట్టారు. పోలేదు. చివరికి సెట్టే పోయిందన్నారు. పాత సెట్ తీసేసి ఆన్‌లైన్‌లో ఏడు అంగుళాల ఆండ్రాయిడ్ సెట్ తెప్పించి బిగించారు. కొత్త సెట్ ఎండ రోజుల్లో బ్రహ్మాండంగా పాడింది. మొదటి వానకే ఆగిపోయింది.

నేను రాజమండ్రి నుంచి వెళ్లేసరికి లారీ రావులపాలెం దగ్గర హైవే పక్కన ఆగి ఉంది. ఎండ మండిపోతోంది. స్టీరియో చక్కగా పాడుతోంది. రిపేర్ చేసేవాడి ముందు ఏ వస్తువైనా బుద్ధిగా ఉంటుంది కదా.

నేనడిగిన మొదటి ప్రశ్న: "బాబాయ్, ఆగిపోయి మళ్లీ వచ్చినప్పుడు గడియారం టైమ్ సరిగ్గా ఉంటోందా, తప్పు చూపిస్తోందా?"

"ఎప్పుడూ పన్నెండే చూపిస్తది. నేను సెల్లులోనే చూసుకుంటాను టైము."

ఈ ఒక్క జవాబుతో సగం పని అయిపోతుంది. బయట కొన్న ఏ స్టీరియోకైనా పవర్ కోసం ముఖ్యంగా మూడు వైర్లు ఉంటాయి. పసుపు రంగుది బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంట్ తెచ్చేది. గడియారం, దాచుకున్న స్టేషన్లు, సెట్టింగులు బతికేది దీని మీదే. ఎరుపు రంగుది తాళం తిప్పితేనే కరెంట్ వచ్చేది, అంటే 'ఇక ఆన్ అవ్వు' అని చెప్పే వైరు. నలుపు ఎర్త్. గడియారం సరిగ్గా ఉండి సెట్ మాత్రమే ఆగిపోతుంటే అనుమానం ఎరుపు మీద, అంటే తాళం స్విచ్ మీద, ఆ దారిలో ఉన్న ఫ్యూజు మీద. గడియారం కూడా మొదటికి వస్తుంటే పసుపు గానీ నలుపు గానీ తెగుతోందని అర్థం. రంగులు చూసి గుడ్డిగా నమ్మకండి, లారీల్లో ఇంతకు ముందు పని చేసినవాడి దగ్గర ఆ రోజు ఏ రంగు వైరు ఉంటే అది వేసేసి ఉంటాడు. బాబాయ్ లారీలో ఎర్త్ వైరు ఆకుపచ్చ.

ఫ్యూజు కూడా చూశాను. సెట్ వెనక ఉండే 10 ఆంపియర్ల ఫ్యూజు బాగుంది. పసుపు వైరు దారిలో ఉండాల్సిన ఇంకో ఫ్యూజు స్థానంలో మాత్రం సన్న రాగి తీగ చుట్టి ఉంది. అది తీసి సరైన ఫ్యూజు వేశాకే మిగతా పని మొదలుపెట్టాను. ఫ్యూజు ఊరికే కాలదు, కాలితే అదేదో చెబుతోందని అర్థం. దాని నోరు మూసేస్తే తర్వాత కాలేది వైరు.

బకెట్ ప్రయోగం

ఎండలో వాన ఎలా? పక్కనే ఉన్న టీ కొట్టు వాళ్లనడిగి బకెట్‌తో నీళ్లు తెచ్చి క్యాబిన్ మీద పోశాం. పైకప్పు మీద, అద్దం మీద, యాంటెన్నా మొదట్లో. నాలుగు బకెట్లు. పాట సాగుతూనే ఉంది. క్లీనర్ కుర్రాడు నవ్వుతున్నాడు.

అద్దం అంతా నీళ్లు కదా, బాబాయ్ అలవాటుగా వైపర్ వేశారు. పాట టప్పున ఆగిపోయింది.

వైపర్ ఆపారు. రెండు క్షణాలాగి స్క్రీన్ మీద కంపెనీ లోగో వచ్చింది, గడియారం పన్నెండు చూపించింది. మళ్లీ వైపర్ వేస్తే మళ్లీ ఆగింది. ఇన్నాళ్లూ అందరూ వానని పట్టుకున్నారు. వాన రావడం, వైపర్ తిరగడం ఒకేసారి జరుగుతాయి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. ఎండలో వైపర్ ఎవరు వేస్తారు?

అప్పుడు నాకెంత ఆనందం వేసిందో చెప్పలేను. మల్టీమీటర్ తీసి సెట్ వెనక పసుపు, ఎర్త్ వైర్ల మధ్య పెట్టాను. ఇంజిన్ ఆపి ఉంది. వైపర్ లేనప్పుడు 12 వోల్టులకి కాస్త అటూ ఇటూ. వైపర్ వేసి సెట్ ఆగిపోయాక 10.3. ఓహో, వైపర్ తిరిగితే బ్యాటరీ కుంగిపోతోంది అనుకున్నాను. ఇక్కడే పప్పులో కాలేశాను. ఎలాగో తర్వాత చెప్తా.

బ్యాటరీ కుంగిపోతోందనుకోవడానికి నాకు మంచి కారణమే దొరికింది. మన దగ్గర పెద్ద లారీలు 24 వోల్టుల మీద నడుస్తాయి. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. (అమెరికాలో మనం వీడియోల్లో చూసే అంతంత ట్రక్కులకి 12 వోల్టులే.) మనం ఆన్‌లైన్‌లో కొనే స్టీరియోలు మాత్రం ఎక్కువగా 12 వోల్టులవే. నేరుగా 24 ఇస్తే పొగ వస్తుంది. అందుకని చాలామంది చేసే చిట్కా ఏంటంటే, రెండు బ్యాటరీలనీ కలిపే మధ్య తీగ దగ్గర నుంచి వైరు లాగేస్తారు. అక్కడ 12 దొరుకుతుంది. బాబాయ్ లారీలోనూ అదే.

ఇది పనిచేస్తుంది, కానీ తప్పు. ఆల్టర్నేటర్ రెండు బ్యాటరీలనీ కలిపి 28 వోల్టుల దగ్గర చార్జ్ చేస్తుంది. ఇద్దరికీ విడివిడిగా వడ్డించదు. స్టీరియో, ఫోన్ చార్జర్, సీరియల్ లైట్లు అన్నీ కింది బ్యాటరీ ఒక్కదాన్నే తాగుతుంటే అది ఎప్పుడూ సగం ఆకలితో ఉంటుంది, పై బ్యాటరీకి ఎక్కువై నీళ్లు ఆవిరైపోతుంటాయి. కొన్నాళ్లకి రెండూ పోతాయి. ఆ రోజు కొలిస్తే కింది బ్యాటరీ 12.1, పైది 12.7. ఇంజిన్ నడుస్తుంటే కిందికి 13.3, పైకి 14.5. పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది.

ఇంకేం, రోగం దొరికింది అన్నాను. 24ని 12కి దించే కన్వర్టర్ ఒకటి, 10 ఆంపియర్లది, కొని తెచ్చి బిగించాను. మధ్య తీగ దగ్గర వైరు తీసేశాను. వైపర్ వేసి, హెడ్‌లైట్లు వేసి, ఫ్యాను వేసి, సౌండ్ పెంచి చూశాం. పాట కదల్లేదు. బాబాయ్ భుజం తట్టి భోజనం పెట్టించారు. నేను ఇంటికొచ్చి 'లారీ స్టీరియోకి కన్వర్టర్ ఎందుకు తప్పనిసరి' అని సగం ఆర్టికల్ కూడా రాసేశాను.

మూడు వారాల తర్వాత, రాత్రి పదకొండున్నర

బాబాయ్ ఫోన్. గొంతులో రోజూ ఉండే సరదా లేదు.

ఖాళీ బండితో రాజోలు మీదుగా భీమవరం వైపు వెళ్తున్నారు. దిండి దాటి చించినాడ వంతెన మీదికి ఎక్కేసరికి వాన కుండపోత. వైపర్ మొదట నెమ్మదించింది. తర్వాత అద్దం సగం దాకా వచ్చి, ఆయాసపడి, మళ్లీ కదిలింది. 216 నంబర్ జాతీయ రహదారి మీద ఎదురుగా వచ్చే బళ్ల లైట్లు అద్దం మీద నీళ్లలో పగిలిపోయి కనిపిస్తుంటే, కింద వశిష్ట నిండుగా పారుతుంటే, తల కిటికీలోంచి బయటపెట్టి వంతెన దాటించారు. దాటాక పక్కకి తీసి ఆపేశారు.

"స్టీరియో మాత్రం బంగారంలా పాడుతోందిరా" అన్నారు. ఎగతాళిగా కాదు. మామూలుగానే అన్నారు. నాకు మాత్రం ఎక్కడో తగిలింది.

మర్నాడు నేను వెళ్లేసరికి బాబాయ్ తనకు తెలిసిన ఎలక్ట్రికల్ మేస్త్రి దగ్గర బండి పెట్టారు. అరవై దాటినాయన. చేతిలో మీటరు లేదు. హెడ్‌లైట్ బల్బుకి రెండు వైర్లు అతికించి క్లిప్పులు పెట్టుకున్నారు, అంతే. నా డిజిటల్ మీటరు చూసి "అది కూడా పెట్టుకోండి బాబూ, తర్వాత చూద్దాం" అన్నారు.

వైపర్ వేయమన్నారు. బల్బు ఒక క్లిప్పు బ్యాటరీ పాజిటివ్‌కి, రెండోది క్యాబిన్ లోపల ఓ బోల్టుకి పెట్టారు. బల్బు వెలిగింది, పసుపుగా, చిక్కిపోయినట్టు. వైపర్ అటూ ఇటూ తిరిగినప్పుడల్లా ఇంకాస్త కుంగుతోంది. ఇప్పుడు ఆ రెండో క్లిప్పు తీసి కింద ఛాసిస్ మీద, తుప్పు గీకిన చోట పెట్టారు. బల్బు తెల్లగా భగ్గుమంది.

"బ్యాటరీ ఏం పాపం చేసిందండీ? ఎర్త్ పోయింది. క్యాబిన్‌కీ ఛాసిస్‌కీ మాటల్లేవు."

అప్పుడు నా మీటరు తీశాను. ఒక మొన బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి క్యాబిన్ బోల్టు మీద. ఈ రెండు చోట్లా ఉండాల్సింది ఒకటే సున్నా, కాబట్టి తేడా ఇంచుమించు ఏమీ ఉండకూడదు. వర్క్‌షాపుల్లో వాడే లెక్క ప్రకారం 0.1, 0.2 వోల్టు దాటితేనే అనుమానించాలి. నాకు 5.2 వోల్టులు కనిపించింది.

అసలు ఏం జరుగుతోంది

ఫ్యాక్టరీ నుంచి వచ్చే లారీ క్యాబిన్లు ఛాసిస్ మీద నేరుగా కూర్చోవు. మధ్యలో రబ్బరు బుష్‌లు ఉంటాయి, గతుకుల దెబ్బ తగలకుండా. రబ్బరులోంచి కరెంట్ పోదు. అందుకని క్యాబిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. వైపర్ మోటారు, క్యాబిన్ ఫ్యాను, డాష్‌బోర్డు లైట్లు, స్టీరియో, ఇవన్నీ వాడుకున్న కరెంట్ తిరిగి బ్యాటరీకి చేరాల్సింది ఆ పట్టీ మీదుగానే.

క్యాబిన్ లేపి చూస్తే పట్టీ కనిపించింది. పైన చిలుము పట్టి పచ్చగా ఉంది, అల్లికలో సగం పోగులు తెగిపోయాయి. అసలు కథ కింది బోల్టు దగ్గర ఉంది. రెండేళ్ల కింద ఎఫ్‌సీకి ముందు ఛాసిస్‌కి రంగు వేయించారు. రంగు వేసినాయన పట్టీ విప్పి, చక్కగా రంగు కొట్టి, ఆ రంగు మీదే పట్టీ మళ్లీ బిగించేశాడు. బోల్టు మరలు ఎంత కరుచుకుంటే అంత కరెంట్. మిగతాది డెల్టా చూసుకుంది. సముద్రపు గాలి, ఉప్పు చెరువుల పక్క రోడ్లు, ఐసు నీళ్లు కార్చుకుంటూ పోయే రొయ్యల బళ్ల వెనక ప్రయాణం. కోనసీమలో ఇనుము ఎంత తొందరగా తుప్పెక్కుతుందో కిటికీ ఊచలు చూసినా తెలుస్తుంది.

ఇప్పుడు వెనక్కి వెళ్లి లెక్క కడదాం. మన ఫోన్ విషయంలో ఇది అందరికీ అనుభవమే. చార్జర్ మంచిదే, ఫోన్ మంచిదే, కేబుల్ పాతది, చార్జింగ్ నత్తనడక. కేబుల్‌లో రెసిస్టెన్స్ పెరిగితే, ఎంత ఎక్కువ కరెంట్ లాగితే అన్ని వోల్టులు దారిలోనే పోతాయి. మొదటి రోజు నా మీటరు చూపించిన 12.1కీ 10.3కీ తేడా 1.8 వోల్టులు. అప్పుడు వైపర్, ఫ్యాను, చిన్న లైట్లు కలిపి ఓ ఆరు ఆంపియర్లు ఉంటాయనుకుంటే, ఆ బోల్టు దగ్గర రెసిస్టెన్స్ 0.3 ఓమ్. అంత చిన్నది. దాని మీద స్టీరియో ఇంకో మూడు ఆంపియర్లు లాగితే ఎర్త్‌లోనే రెండున్నర వోల్టులకు పైగా పోయాయి.

నేను చేసిన తప్పు ఇదే. సెట్ దగ్గర 10.3 చూసి బ్యాటరీ కుంగిందనుకున్నాను. అదే క్షణంలో బ్యాటరీ మీద మీటరు పెట్టి ఉంటే అక్కడ పన్నెండు కనిపించేది. 'వోల్టేజీ తగ్గింది' అని తెలిసాక 'ఎక్కడ తగ్గింది' అని అడగాలి. నేను అడగలేదు. ఇంకో మాట. వైపర్ వేయకముందు పన్నెండు కనిపించింది కదా, దానికి పెద్ద అర్థం లేదు. డిజిటల్ మీటరు తాను కొలిచే దారిలోంచి దాదాపు ఏమీ లాగదు. ఒక్క రాగి పోగు మిగిలున్నా దానికి నిండు వోల్టేజీయే కనిపిస్తుంది. బల్బు అలా కాదు, పని చేయమంటుంది. మేస్త్రి గారి హెడ్‌లైట్ బల్బు దగ్గర నా మీటరు ఓడిపోయింది అక్కడే.

మరి కన్వర్టర్ పెడితే ఎలా బాగయింది? బాగవలేదు. కన్వర్టర్‌కి లోపలికి 24 వస్తుంది. ఎర్త్‌లో రెండు మూడు వోల్టులు పోయి 21 వచ్చినా అది పట్టించుకోకుండా బయటికి 12 ఇస్తూనే ఉంటుంది. పైగా 24 వైపు నుంచి లాగే కరెంట్ కూడా తక్కువ. స్టీరియోకి ఇబ్బంది తెలియలేదు. ఎర్త్ మాత్రం రోజురోజుకీ క్షీణిస్తూనే ఉంది. ఇంతకాలం లారీ మొత్తంలో ఆ సంగతి చెబుతున్న వస్తువు ఆ స్టీరియో ఒక్కటే. నేను వెళ్లి దాన్ని చెప్పకుండా చేశాను. తర్వాత చెప్పింది వైపర్, చించినాడ వంతెన మీద.

వేడి సంగతి కూడా చూడండి. 5.2 వోల్టులు, క్లాంప్ మీటరుతో చూస్తే మొత్తం కరెంట్ దాదాపు 7 ఆంపియర్లు. రెండూ గుణిస్తే 36 వాట్లు. మనం ఫోన్ బోర్డుల మీద వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంతకంటే ఎక్కువ వేడి ఒక బోల్టు చుట్టూ, గ్రీజు, డీజిల్ మరకల మధ్య. ఎర్త్ దారి మూసుకుపోతే కరెంట్ వేరే ఇనుప దారులు కూడా వెతుక్కుంటుంది. మేస్త్రి గారు యాక్సిలరేటర్ కేబుల్ పైన ప్లాస్టిక్ తొడుగు పట్టి చూపించారు. ఇంజిన్ దగ్గర ఓ చోట మెత్తబడి అతుక్కుపోయి ఉంది. క్యాబిన్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే ఉక్కు తీగ కదా అది. కొంత కరెంట్ దానిమీదుగా కూడా వెళ్తోందని ఆయన అన్నారు. నాకూ కాదనడానికి కారణం కనపడలేదు. కేబుల్ ఆ రోజే మార్పించేశాం.

రిపేర్ ఎంతసేపు పట్టింది?

గంట కూడా పట్టలేదు. ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పేశారు. ఇది మర్చిపోవద్దు, స్పానర్ పాజిటివ్‌కీ ఛాసిస్‌కీ ఒకేసారి తగిలితే వచ్చే మెరుపు తమాషాగా ఉండదు. పట్టీ కింద రంగంతా గరుకు కాగితంతో గీకి, ఇనుము మెరిసే దాకా తీసుకొచ్చారు. క్యాబిన్ వైపు కూడా అంతే. కొత్త రాగి పట్టీ, పళ్లున్న వాషర్, కొత్త బోల్టు. బిగించాక పైన వ్యాజిలిన్ దట్టంగా పూశారు. ముందు బిగింపు, తర్వాతే పూత, గాలీ నీళ్లూ తగలకుండా. ఇంకో లావు వైరు క్యాబిన్ నుంచి నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కి అదనంగా లాగారు. "ఒకటి పోయినా ఇంకోటుంటాదండి" అన్నారు.

స్టీరియో ఎర్త్ వైరు డాష్‌బోర్డు వెనక ఏదో రేకు స్క్రూకి చుట్టి ఉంది. దాన్ని నేను తీసి, రింగు టెర్మినల్ నొక్కి, మందపాటి ఇనుము దొరికిన చోట బిగించాను. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్లు మూడు కనిపించాయి. ఇక్కడి ఎండకి టేపు జిగురు కారిపోయి జాయింటు బయటపడి ఉంది. వాటిని సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగాను. ఆ మాత్రం పని నాకూ వచ్చని మేస్త్రి గారికి తెలియాలి కదా!

అన్నీ వేసి మళ్లీ కొలిచాం. వైపర్, ఫ్యాను, లైట్లు, స్టీరియో. బ్యాటరీ నెగెటివ్‌కీ క్యాబిన్‌కీ మధ్య 0.06 వోల్టు. వైపర్ చప్పుడే మారిపోయింది. "కొత్త బండిలా కొడతందే" అన్నారు బాబాయ్. పట్టీకీ వైరుకీ పోగా మేస్త్రి గారు కూలి 400 తీసుకున్నారు. అంతకు ముందు సెట్టుకీ, సిలికాన్‌కీ, బీడింగుకీ అయిన ఖర్చు బాబాయ్ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

కన్వర్టర్ మాత్రం తీయలేదు. మధ్య తీగ దగ్గర నుంచి లాగడం ఎలాగూ తప్పే కాబట్టి అది ఉండాల్సిందే. పై బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తగ్గి ఉంటే పోశారు.

మీ ఇంట్లో లారీ లేకపోవచ్చు. బొలెరో పికప్పో, టాటా ఏసో, నాన్నగారి పాత కారో ఉంటుంది. వాటిలో 12 వోల్టులే కాబట్టి కన్వర్టర్ గొడవ లేదు, ఎర్త్ గొడవ మాత్రం అదే. బైకుకి బిగించిన మొబైల్ చార్జర్ బ్రేకు నొక్కినప్పుడల్లా ఆగి మళ్లీ చార్జ్ అవుతుంటే అక్కడా ముందు ఇదే చూడండి. సెట్ ఆన్ చేసి, బండిలో ఉన్న లోడ్లన్నీ వేసి, మీటరు మొనలు రెండూ నెగెటివ్ వైపే పెట్టండి, ఒకటి బ్యాటరీ నెగెటివ్ మీద, ఒకటి సెట్ ఎర్త్ మీద. తర్వాత పాజిటివ్ వైపు కూడా అలాగే, బ్యాటరీ పాజిటివ్ మీద ఒకటి, పసుపు వైరు చివర ఒకటి. ఎటువైపు వోల్టులు ఎక్కువ కనిపిస్తే దోషం అటువైపు. కొలుస్తూ వైర్లు కదిపి చూడండి, గతుకుల్లో మాత్రమే వచ్చే లోపం అయితే అప్పుడే బయటపడుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసే క్షణంలో సెట్ ఒకసారి ఆగి రావడం మాత్రం చాలా బళ్లలో మామూలే, దాని వెంట పడకండి.

ఇంకా ఒక లెక్క తేలాలి

'పోయింది' అని బాబాయ్ పక్కన పడేసిన పాత సెట్ అడిగి తెచ్చుకున్నాను. నా టేబుల్ మీద వోల్టేజీ మార్చుకునే పవర్ సప్లైకి తగిలిస్తే మొదటి నొక్కుకే ఆన్ అయింది. నెమ్మదిగా వోల్టేజీ తగ్గిస్తూ వచ్చాను. 10.6 దగ్గర టప్పున ఆగింది. పెంచితే వెంటనే రాలేదు, 11.2 దాటాకే వచ్చింది. చాలా సెట్ల మాన్యువల్‌లో 10.8 నుంచి 15.1 వోల్టుల మధ్య పనిచేస్తుందని రాసి ఉంటుంది, ఇదీ దాని దగ్గర్లోనే ఉంది.

ఇంకో ముక్క కూడా అతికింది. హైవే మీద స్పీడులో ఉన్నప్పుడు స్టీరియో అంతగా ఆగేది కాదనీ, టోల్ గేటు దగ్గరో రైల్వే గేటు దగ్గరో ఆగితే పోయేదనీ బాబాయ్ మొదట్లోనే చెప్పారు. నేను పెద్దగా పట్టించుకోలేదు. స్పీడులో కింది బ్యాటరీకి 13.3 ఉండేది, ఎర్త్‌లో రెండున్నర పోయినా 10.8 మిగిలేది, సెట్ అంచు మీద వేలాడుతూ బతికేది. గతుకు వస్తేనే జారేది. బండి ఆగి ఇంజిన్ నెమ్మదిస్తే వోల్టేజీ ఇంకాస్త దిగి సెట్ ఆగిపోయేది, వైపర్ ఆపేదాకా 11.2కి చేరేదే కాదు. డ్రైవర్ చెప్పిన ఒక్కో మాటకీ ఒక్కో అంకె ఉంది.

సెట్ వారం రోజులుగా నా టేబుల్ మీదే పాడుతోంది. ఎఫ్‌ఎం రిసెప్షన్ కొత్త ఆండ్రాయిడ్ సెట్ కంటే ఇదే నయం అనిపిస్తోంది, నిజం చెప్పాలంటే. ఆ సంగతి బాబాయ్‌కి చెబితే, అయితే అది పారేయకు, ట్రాక్టర్‌కి పెట్టేద్దాం అన్నారు. ట్రాక్టర్ ఎర్త్ చూశాకే ఇస్తానన్నాను.